వంక దగ్గర తీసిన నల్ల ఫొటోలు

2022 చలికాలం. అప్పటికి ఆరేళ్లుగా నేను తిరుపతిలో ఉంటూ, అడవి జంతువుల ఫొటోలు తీయాలనుకునేవాళ్లను జీపులో శేషాచలం అడవికి తీసుకెళ్తున్నాను. అంతకుముందు పెళ్లి ఫొటోలు తీసేవాణ్ణి. పెళ్లిలో వెలుతురు చాలకపోతే లైటు పెట్టుకోవచ్చు. చిరుత దగ్గర ఆ వీలు లేదు. అది బయటికొచ్చేదే పొద్దు గూకే వేళ. ఫ్లాష్ వేయకూడదు.

ఆ రోజు నాతో వచ్చినాయన పేరు మునిరత్నం. ఊరు పలమనేరు, వయసు అరవై దాటి ఉంటుంది. చిన్నప్పుడు కొండ కింద మేకలు కాశాడు. తర్వాత బస్సు డ్రైవరయ్యాడు. రేచీకటి రావడంతో ఆ పని మానుకోవాల్సి వచ్చింది. కూతురు కొనిచ్చిన కెమెరా మెడలో వేసుకొని వచ్చాడు.

“పొద్దు గూకితే నాకేమీ అగపడదబ్బా. కెమెరాకు అగపడతాది గదా? ఇంటికి పోయి నిదానంగా సూసుకుంటా,” అన్నాడు.

ఆ మాట నిజమే. ఐఎస్‌ఓ అనే సెట్టింగు పెంచేకొద్దీ కెమెరా మసకలోనూ చూస్తుంది. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి, అంతే. ఆయన కెమెరాలో దాన్ని కొంత పెంచి, షటర్ చప్పుడు రాకుండా చేసి ఇచ్చాను.

ఒక ఎండిన వంక పక్కన మా డ్రైవరు కోదండం జీపు ఆపాడు. కుడివైపు, వంకకు అవతల, బండ మీద చిరుత పడుకొని ఉంది. ఎక్కడో పైన కొండముచ్చులు అరుస్తున్నాయి. గింజలు నింపిన బీన్ బ్యాగ్‌ను జీపు అంచున పెట్టి, లెన్సు కదలకుండా దాని మీద ఆనించి తీయడం మొదలుపెట్టాను. వెలుతురు నిమిషనిమిషానికీ తగ్గుతోంది. అంతలో నా మెమరీ కార్డు నిండిపోయింది. కొత్తది తీస్తుంటే వేళ్ల మధ్య నుంచి జారి జీపుకు ఎడమవైపు కింద పడింది.

అడవిలో బండి దిగకూడదు. అందరికీ ఆ మాట చెప్పేది నేనే.

“దిగొద్దన్నా,” అన్నాడు కోదండం.

దిగాను. వంగి ఎండుటాకుల్లో తడుముతున్నాను. కొండముచ్చుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అంత నిశ్శబ్దంలో మునిరత్నం గొంతు పెద్దగా వినిపించింది.

“అబ్బా, లేసి నిలబడు.”

మాట్లాడొద్దని చేత్తో సైగ చేశాను.

“నిలబడబ్బా. వంగొద్దు. నిటారుగా నిలబడి, మెల్లగా ఎక్కు.”

గొంతులో తొందర లేదు, వణుకు లేదు. చెప్పిందే చెబుతున్నాడు. కార్డు వేలికి తగిలింది. తీసుకొని, లేచి, జీపెక్కాను. ఈలోగా బండ ఖాళీ అయిపోయింది.

“గమ్మునుండమని చెప్పినా గదా పెద్దాయనా! మీ మాటలకే పోయింది,” అని అరిచాను.

ఆయన కెమెరాను ఎడమవైపుకే తిప్పి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

తిరుపతికి తిరిగొచ్చాక, ఫొటోలు బాగుచేసి ఇమ్మని తన కార్డు నాకిచ్చి వెళ్లాడు. మర్నాడు కంప్యూటర్‌లో పెడితే అన్నీ నల్లగా ఉన్నాయి. కానీ అవి రా ఫైళ్లు, అంటే కెమెరా చూసినదంతా తగ్గించకుండా దాచుకున్నవి. ఎక్స్‌పోజర్ పెంచితే చీకట్లోంచి కొంత పైకి తేలుతుంది. పెంచాను.

మొదటి దాంట్లో పొద. తర్వాతి దాంట్లో వంగిన నా వీపు, దాని వెనక ఒక రాయి. ఆ తర్వాతి దాంట్లో రాయికి చెవులున్నాయి. అవి వెనక్కి అణిగి ఉన్నాయి. ఇంకో దాంట్లో అది కడుపు నేలకు ఆనించి నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేనింకా వంగే ఉన్నాను. తర్వాత, నేను నిలబడి ఉన్నాను. అది ముందుకాలు ఎత్తి ఆగిపోయింది. చివరి ఫొటోలో నేను నోరు తెరిచి పెద్దాయన మీద అరుస్తున్నాను. నా వెనక పొద ఒక్కటే ఉంది.

కుర్చీలోంచి లేచి గది తలుపు గడియ పెట్టుకున్నాను. పట్టపగలు.

కోదండానికి చూపిస్తే చాలాసేపు చూసి, “ఇది తల్లన్నా. బండ మీదుండేది దాని పిల్ల. ఎదిగిన పిల్ల. మనం రెండిటికీ మద్దెన బండి నిలిపినాము,” అన్నాడు.

ఫొటోలు ప్రింటు తీసుకొని పలమనేరు వెళ్లాను. ముందు క్షమించమని అడిగాను. మునిరత్నం వాటిని ఎండలోకి తీసుకెళ్లి ఒక్కొక్కటే చూశాడు.

“ఉండినాది అయితే,” అన్నాడు మెల్లగా. “వాసన వచ్చినాది. నువ్వు వంగి ఆకుల్లో తడిమేది ఇనబడినాది. కండ్లతో సూసింది కాదు గదా, నాకే నమ్మకం లేదు. దానికే ఆపక్క తిప్పి నొక్కతా ఉంటిని.”

“చిరుత ఉందని ఒక్క మాట అని ఉంటే...”

“అంటే నువ్వు ఉలిక్కిపడి పరిగెత్తుంటావు. వంగినోడు దానికి మేక మాదిరి అగపడతాడు. నిలబడితే మనిషి. మా నాయన సెప్పినాడు.”

ఆ తర్వాత నేను జీపు దిగలేదు. బండి ఆగగానే కెమెరా ముట్టుకోను. ఇంజను ఆపించి, రెండువైపులా చూసి, కాసేపు వింటాను. ఆలోపు జంతువు వెళ్లిపోతే పోనీ అంటాను. వచ్చినవాళ్లు విసుక్కుంటారు. వాళ్లలో ఎవరికైనా ఏదో ఉన్నట్టు అనిపిస్తే, ఎందుకని అడగకుండా అటు తిరుగుతాను.

బండ మీది చిరుత ఫొటో చాలామందికి నచ్చింది. దాని చూపులోని తీవ్రతను మెచ్చుకుంటారు. నిన్నే చూస్తున్నట్టు ఉందే అంటారు. అది నన్ను చూడటం లేదు. నా వెనక ఉన్న తల్లిని చూస్తోంది.