సారు కూర్చున్న చోటు

2016 జూన్‌లో నన్ను విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పోలీసు స్టేషన్‌కు హెడ్ కానిస్టేబుల్‌గా బదిలీ చేశారు. అక్కడి మహిళా సిబ్బందిలో నేనే సీనియర్‌ని. ఏ ఇంట్లోనైనా అనుమానించదగ్గ చావు జరిగితే, ఆ ఇంటి ఆడవాళ్ల దగ్గర కూర్చోవడం, అధికారి వాళ్ల వాంగ్మూలం తీసుకునేటప్పుడు పక్కన ఉండడం నా పని. రోజూ ప్రార్థన చేసుకున్నాకే యూనిఫాం వేసుకునేదాన్ని. చావు ఇంట్లో ఏం మాట్లాడాలో నాకు ట్రైనింగ్‌లో కన్నా మా చర్చి సంఘంలోని పెద్దతల్లులే బాగా నేర్పారు. ఎక్కువగా ఏమీ మాట్లాడకూడదని.

నగరంలో స్టేషన్‌కు అధికారి ఇన్‌స్పెక్టర్. మా ఇన్‌స్పెక్టర్ సదాశివం గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు. మంచి పనిమంతుడు, కానీ ఆయన తీరు ఎవరికీ అంతుపట్టేది కాదు. నేరం జరిగిన చోటికి వెళ్లగానే బూట్లు విప్పేసి ఒట్టికాళ్లతో తిరిగేవారు. జేబులోంచి సోంపు తీసి నములుతూ, చనిపోయినవాడి గురించి అడగకుండా "మొన్న ఏం కూర వండారు?" అని అడిగేవారు. తన మనసులో ఏముందో సబ్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా చెప్పేవారు కాదు. ఆయన చెప్పరు కాబట్టి స్టేషన్‌లో మిగతావాళ్లంతా ఆయన్ని చదవడం మొదలుపెట్టారు. సారు చెవి గోక్కున్నారంటే దొంగ బయటివాడు, సారు నవ్వారంటే ఇంట్లోవాడు. టీ పందేలు కూడా కట్టేవారు.

ఈ విద్యలో అందరికన్నా పండితుడు జీపు డ్రైవర్ కనకారావు. సారుతోపాటే పెందుర్తి వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. అక్కడ ఒక కాలనీలో జరిగిన హత్య కేసులో సారు రోజూ వెళ్లి అద్దెకున్న ఒక మనిషి వరండాలో కూర్చునేవారట. చివరికి అరెస్టయింది ఆ మనిషేనట. "మా సారు ఎవడికాడ ఎక్కువసేపు కూకుంటే ఆడే, మేడమ్. రాసి పెట్టుకోండి" అనేవాడు.

ఆ ఆగస్టులో జాలరిపేటలో యర్రయ్య అనే బోటు యజమాని చనిపోయాడు. తెల్లవారేసరికి ఒడ్డు మీదికి లాగి ఉంచిన తన ఫైబర్ బోటు పక్కన పడి ఉన్నాడు. తల లంగరు మీద ఉంది, తలకు గాయముంది. ముందురోజు సాయంత్రం అతనికీ, అతని భార్య ఎల్లమ్మ తమ్ముడు నూకరాజుకూ ఆ బోటు దగ్గరే పెద్ద గొడవ జరిగిందని పేటంతా చెప్పింది. నూకరాజు అదే బోటు మీద పనిచేసేవాడు. గొడవ దేనికని సారు అడిగితే నూకరాజు దాచలేదు. బావకు నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తోందని, ఇంక ఒడ్డున ఉండి చుక్కాని తనకు ఇవ్వమన్నానని, దానికి బావ పదిమందిలో తిట్టాడని, తానూ తిరిగి తిట్టానని చెప్పాడు.

మేము క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నూట డెబ్బై నాలుగో సెక్షన్ కింద కేసు కట్టాం. అంటే హత్య అని కాదు, ప్రమాదమనీ కాదు, చావుకు కారణం ఇంకా తెలియదని అర్థం. పెద్దల ఎదుట శవ పంచనామా జరిగింది. పోస్టుమార్టం చేసిన డాక్టరు, దెబ్బ తగిలి పడ్డాడా, పడినందువల్ల దెబ్బ తగిలిందా ఇప్పుడే చెప్పలేనన్నారు. గుండెను, లోపలి భాగాలను పరీక్షకు పంపి, తుది అభిప్రాయం తరువాత ఇస్తానని రాశారు. ఆ రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. మాకది మామూలు సంగతి. జాలరిపేటకు కాదు.

సదాశివం గారు మాత్రం రోజూ పేటకు వెళ్లేవారు. అందరినీ తన తిక్క ప్రశ్నలు అడిగి, చివరికి నూకరాజు వలలు బాగుచేసుకునే పాక నీడకు చేరేవారు. బూట్లు పక్కన పెట్టి ఇసుకలో కూర్చునేవారు. నూకరాజు వల అల్లుతుంటే రెండో కొస పట్టుకునేవారు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. కనకారావు అక్కడికి దగ్గరలోని టీ బడ్డీ దగ్గర నిలబడి తన శాస్త్రం చెప్పేవాడు.

నేను ఎల్లమ్మ ఇంట్లో కూర్చుని ఉండగా ఆ శాస్త్రం ఇంటి దాకా వచ్చింది. తెచ్చింది పక్కింటి అచ్చియ్యమ్మ. చేపలు అమ్ముతుంది, సాయంత్రమైతే టీవీలో నేర పరిశోధన సీరియల్ తప్పకుండా చూస్తుంది.

"మేడమ్, మీరేటీ సెప్పక్కర్లేదు. టీవీలో సూత్తన్నాం కదా. ఆ పరిశోదన సేసీ ఆయన ఎవుడితో మెత్తగుంటాడో, ఆకరికి దొరికీది ఆడే" అంది.

ఇంకొకావిడ మూతి తిప్పింది. "నీకన్నీ తెలుసులే. మొన్న పనిమనిసే సంపేసిందన్నావు. డాక్టరు తేలాడు."

"అది టీవీవోళ్లు తిప్పీసినారే! ఇక్కడ తిప్పడానికేటుంది? గొడవాడింది ఆడు, సుక్కాని కావాలన్నాది ఆడు. సారు రోజూ కూకున్నాది ఎవుడికాడ?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎల్లమ్మ నవ్వలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నది తలెత్తి, పాక వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. అంతవరకు ఆమె తమ్ముడి గురించి ఒక్క చెడ్డమాట అనలేదు.

"కేసు ఇంకా తేలలేదమ్మా. ఎవరి మీదా ఏమీ లేదు" అన్నాను. అచ్చియ్యమ్మ తల ఊపింది. "మీరలాగే సెప్పాలి మేడమ్. మీ డూటీ అది."

ఆ తరువాతి రోజుల్లో నూకరాజును ఏ బోటులోకీ రానివ్వలేదు. సంగతి తేలేదాకా ఒడ్డునే ఉండమని కుల పెద్దలు చెప్పారు. అతని భార్య గంప దించితే బేరానికి ఎవరూ వచ్చేవారు కాదు. ఒకరోజు నూకరాజు నన్ను దారిలో ఆపాడు.

"మేడమ్, సారుకి మీరైనా సెప్పండి. ఆయన మంచోరే, నాను కాదన్ను. కానీ నా పాకలో కూకోద్దనండి. ఆయన ఒస్తారు, ఎల్లిపోతారు. నాను ఇక్కడే బతకాల."

స్టేషన్‌కు వెళ్లగానే సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "అతనా? అతని మీద నాకు అనుమానం ఎప్పుడో పోయిందమ్మా. బావకు ఒంట్లో బాగాలేదని ఆ పేట మొత్తంలో గమనించింది అతనొక్కడే. అందరూ నా మొహం చూస్తుంటే నాకు బుర్ర పనిచేయదు. అతను తన వల చూసుకుంటాడు. అందుకని అక్కడ కూర్చుంటాను" అన్నారు.

పెందుర్తి సంగతి అడిగాను. ఆయన విసుక్కున్నారు. "ఆ వీధిలో ఫ్యాను ఉన్నది ఆ ఒక్క వరండాకేనమ్మా."

అయితే ఆ మాటే పేటలో చెప్పమని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. ఆయన కారణం తప్పని నేను అనను. రిపోర్టు రాకముందు ఒకణ్ని కాదని చెబితే, మరి ఎవరని అడుగుతారు. రేపు రిపోర్టు మరోలా వస్తే, అధికారి ముందే ఒకరి పక్షం వహించాడని కోర్టులో అంటారు. విచారణలో ఉన్న కేసు గురించి బయట మాట్లాడకూడదన్నది మాకు మొదటి పాఠం. నూకరాజుకు మేలు చేద్దామని ఆయన ఒక్కటే చేశారు. పాకకు వెళ్లడం మానేశారు.

మరునాటికల్లా కనకారావు బడ్డీ దగ్గర దానికీ అర్థం చెప్పాడు. "సారు రావడం మానీసినారంటే ఇంక ఆదారం దొరికిపోయినట్టే. వల బిగించీసినారు." నేను అతన్ని అందరి ముందూ కేకలు వేశాను. నా కోపం కూడా పేటకు ఒక సాక్ష్యంగా పనికొచ్చింది. రహస్యం బయటపెట్టినందుకు మేడమ్ మండిపడిందన్నారు.

యర్రయ్య పెద్దదినం నాడు గొడవ జరుగుతుందేమోనని పెద్దలు కోరితే నన్ను, ఒక కానిస్టేబుల్‌ను బందోబస్తుకు పంపారు. ఆ రోజు విధవరాలికి పుట్టింటివాళ్లు కోక పెట్టాలి. తల్లిదండ్రులు లేకపోతే అన్నో తమ్ముడో తెస్తాడు. మగడు పోయినా ఆమెకు వెనక మనుషులున్నారని పదిమందికీ తెలిపేది ఆ కోకే. ఎల్లమ్మకు పుట్టింటి తరఫున మిగిలింది నూకరాజు ఒక్కడే.

అతను స్నానం చేసి, కొత్త కోక పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు. జనం దారి ఇచ్చారు గానీ ఒక్కరూ పలకరించలేదు. ఎల్లమ్మ ముందు వంగి పళ్లెం చాపాడు. "అప్పా, తీసుకో" అన్నాడు అక్కతో. ఆమె కోక వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది. నా మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని చూసిందని నాకు అర్థమైంది. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అతను చంపలేదని నా ఉద్దేశం. ఆమె దాన్ని ఎలా చదువుకుందో నాకు ఈరోజుకూ తెలియదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని మొహం దాచుకుంది. చేతులు చాపలేదు. నూకరాజు అలాగే వంగి నిలబడ్డాడు. చివరికి ఒక పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. ఎల్లమ్మకు కోక ఎవరూ పెట్టలేదు.

ఆ వారం మా చర్చి స్త్రీల సమాజంలో చదివిన బైబిలు భాగం, తుఫానులో చిక్కిన ఓడవాళ్లు ఈ కీడు ఎవరివల్ల వచ్చిందో తెలుసుకోవాలని చీట్లు వేసిన సంగతి. చిన్నప్పటి నుంచి విన్న కథే. ఈసారి వేరే మాట ఒకటి నాకు తగిలింది. చీటీ ఎవరి పేరున పడిందో తెలిశాక కూడా, అతన్ని సముద్రంలో పడేయడానికి ముందు ఆ ఓడవాళ్లు ఒడ్డుకు చేర్చాలని గట్టిగా తెడ్లు వేశారు. వాళ్లు మన దేవుణ్ని ఎరగనివాళ్లు. వాళ్ల చీటీ నిజం చెప్పింది కూడా. జాలరిపేటలో చీటీ అబద్ధం చెప్పింది, తెడ్డు వేసినవాళ్లు లేరు. దేవుడు హృదయాన్ని చూస్తాడని నేను నమ్ముతాను. పోలీసుకు ఆ చూపు లేదు. అందుకే పోలీసుకు రిపోర్టు కావాలి. ఆ రిపోర్టు కోసం నేను చేసినంత ప్రార్థన నా ప్రమోషన్ కోసం కూడా చేయలేదు.

దసరా వెళ్లాక నూకరాజు భార్యను తీసుకుని గుజరాత్ వెళ్లిపోయాడు. అక్కడి బోట్ల మీద మన వైపు మనుషులు చాలామంది కూలికి పనిచేస్తారు. అక్కడ అతని పేరు ఎవరికీ తెలియదు.

రిపోర్టు చలికాలంలో వచ్చింది. యర్రయ్య గుండె జబ్బుతో పడిపోయాడు, పడినప్పుడు లంగరు తగిలింది. నేరం లేదు, నేరస్థుడూ లేడు. కేసు మూసేసి తుది నివేదిక పంపాం. మామూలుగా ఆ సంగతి ఇంటివాళ్లకు కానిస్టేబుల్ చెప్పి వస్తాడు. సదాశివం గారు తానే వస్తానన్నారు. ఎల్లమ్మ వాకిట్లో నిలబడి, పేట పెద్దలను పిలిపించి, ఆయన ఎప్పుడూ మాట్లాడనంత తేటగా మాట్లాడారు. యర్రయ్యది గుండెపోటనీ, నూకరాజు తప్పు ఏమీ లేదనీ, తనకు అతని మీద మొదటినుంచీ అనుమానం లేదనీ చెప్పారు. బూట్లు కూడా విప్పలేదు.

పెద్దలు దండం పెట్టారు. మేము జీపు దగ్గరకు నడుస్తుంటే వెనక అచ్చియ్యమ్మ గొంతు వినబడింది. "ఏటీ లేకపోతే అంత పెద్ద సారు పనిగట్టుకుని ఇంటికొచ్చి సెప్తారేటి? టీవీలో ఎప్పుడైనా సూసినావా?"

సారుకూ వినబడింది. ఆయన ఆగి, మళ్లీ నడిచారు.

నేను ఎల్లమ్మ కోసం వెనక్కి వెళ్లాను. ఆమె తమ్ముడి నంబరు నొక్కుతోంది. ఆ ఫోను పనిచేయడం లేదు.

"మేడమ్, ఇప్పుడు ఆడు కోక తెస్తే తీసుకోవచ్చా?" అని అడిగింది.

ఆచారం నాకన్నా ఆమెకే తెలుసు. పెద్దదినం దాటితే ఆ కోక పెట్టరు. అయినా నేను ఆలోచించి, రమ్మని చెప్పమన్నాను. అతను వచ్చినట్టు నేను ఆ స్టేషన్‌లో ఉన్నంతకాలం వినలేదు.

ఆ తరువాత ఏఎస్ఐగా రిటైరయ్యేదాకా నేను ఒక పద్ధతి పాటించాను. ఏ చావు ఇంట్లోనైనా, ఎవరి దగ్గరైనా మేము ఎక్కువసేపు కూర్చోవలసి వస్తే, లేచేముందు ఇంటివాళ్లందరి ఎదుట, ఎందుకు కూర్చున్నామో నోటితో చెప్పేదాన్ని. దాహం వేసి కూర్చున్నాం, నీడకు కూర్చున్నాం, ఇతను చూసినది చెబుతుంటే విన్నాం, ఏదైతే అది. కేసు గురించి ఒక్క ముక్కా బయటపెట్టనక్కర్లేదు. ఇద్దరు అధికారులు దీన్ని తప్పుపట్టారు, ఒకరు మెమో ఇస్తానని కూడా అన్నారు. నేను మానలేదు. పోలీసు చెప్పకుండా వదిలిన చోట జనం ఒక మనిషిని పెడతారు. తరువాత ఎంత పెద్ద రిపోర్టు వచ్చినా ఆ మనిషిని అక్కడి నుంచి లేపలేదు.