బకెట్ తాతకు పేరు పెట్టిన పిన్ని

మొన్న పొద్దున ఈ ఏడు తొలి వాన పడుతుండగా కబురొచ్చింది, మా క్రెష్ పిన్ని నిద్రలోనే పోయిందని. ఏడుస్తూ కూర్చున్నాను. కాలేజీకి తయారవుతున్న మా అమ్మాయి వచ్చి పక్కన కూలబడి, "బకెట్ తాత కో బతాయా కిసీనే?" అంది. ఆయనకు ఎవరైనా చెప్పారా అని. ఆ పేరు చెవిన పడగానే కన్నీళ్ల మధ్యే ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ పేరు వచ్చింది పిన్ని వల్లే.

టాటానగర్ దగ్గర మాంగో అనే పేటలో మా వార్డు పిల్లల్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసే క్రెష్ ఆమెది. సొంతం కాదు, మేమంతా కట్టే ఇంటిపన్నుతో నడిచేది. నాకు గోల్‌మురిలో బట్టల కొట్టులో పని, మా ఆయనకు టాటానగర్ రైల్వేలో షిఫ్టులు. పాపను మొదటిసారి దింపిన రోజు నేను గుమ్మం దగ్గర కదల్లేకపోతే, "ఏటే, పిల్ల ఏడుత్తంటే నువ్వూ ఏడుత్తావేటి? నానున్నాను కదా, ఎల్లు, బస్సెల్లిపోతాది" అని నన్నే గదిమింది.

ఒక ఏడు వానలకు క్రెష్ కప్పు ఒక మూల కారడం మొదలెట్టింది. పిన్ని కింద బకెట్ పెట్టింది. వార్డు ఆఫీసు వాళ్లొచ్చి చూశారు. జనం పన్ను సరిగ్గా కట్టడం లేదు, బాగుచేయడానికి డబ్బు లేదు, ఇలాగే కారితే మూసేస్తాం అన్నారు. మూస్తే నేను పని మానాల్సిందే. నాలాంటి తల్లులందరిదీ అదే గతి. మేం తలలు పట్టుకుంటే పిన్ని మాత్రం పిల్లలకు కొత్త వరసలు నేర్పింది.

పన్ను కట్టిన ఒక్కొక్కరికి క్రెష్‌లో ఒక్కో వస్తువు రాసిచ్చేసింది. తలుపు ఒకరిది, కుళాయి ఒకరిది, ఫ్యాను ఇంకొకరిది. నిజానికి పన్నంతా ఒక్క చోటే పడుతుంది, ఎవరి రూపాయి ఏమైందో దేవుడికెరుక. ఆ పంపకం పిన్ని సొంత తెలివి. రోజూ పొద్దున్నే పాత చీరను తాడులా పేని, పిల్లలందర్నీ పట్టుకోమని వీధి వెంట నడిపించేది. ఎదురైనవాళ్లకు పిల్లలు దండాలు పెట్టేవారు. "నమస్తే, తలుపు తాతా!" "నమస్తే, కుళాయి అత్తా!" పన్నంటే మొహం చిట్లించేవాళ్లు కూడా ఆ పిలుపు కోసం గుమ్మంలోకొచ్చి నిలబడేవారు. మా ఆయనకు కిటికీ దక్కింది. ఆ రోజు ఆయన నడక చూడాలి!

"రసీదు బీరువాలో పడేత్తారు, మర్సిపోతారు. పిల్ల పిలిత్తే ఎవులైనా మర్సిపోతారేటి?" అనేది పిన్ని.

మా మూలింటి పెద్దాయన మాత్రం కొరకరాని కొయ్య. గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. పన్ను మాటెత్తితే "నా మనవలు పెద్దోల్లయిపోనారు, మీ క్రెష్‌తో నాకేటి పని?" అనేవాడు. ఒకనాడు మా పాపే అడిగిందట, "దీదీ, యే బకెట్ కిస్‌కా హై?" అని. పిన్నిని పిల్లలు దీదీ అనేవారు, ఈ బకెట్ ఎవరిదని దాని ప్రశ్న. పిన్ని నోరు ఊరుకోలేదు. "మూలింటి తాతది. ఆయన కట్టేదాకా మనకదే కప్పు" అంది. మర్నాడు నడివీధిలో చీర తాడు పట్టుకున్న పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. "నమస్తే, బకెట్ తాతా!"

ఆయన నిప్పు తొక్కిన కోతిలా క్రెష్‌కు వచ్చాడు. "ఏటమ్మా, నన్ను బకెట్టంటారా?" పిన్ని తొణకలేదు. "కూకోండి బాబూ, టీ ఇత్తాను" అని ఆ మూలే పీట వేసింది. బయట వాన. నెత్తిన ఒక చుక్క పడింది, టీలో ఇంకో చుక్క పడింది. మా పాప మెల్లగా వెళ్లి తన చేతిరుమాలు ఆయన బట్టతల మీద పరిచింది. ఇక కోపం ఎక్కడ నిలుస్తుంది? ఆ వారంలోనే పన్ను కట్టాడు. అంతటితో ఆగక, కట్టని ఇళ్ల తలుపులన్నీ తట్టాడు. కప్పు బాగైంది, క్రెష్ నిలిచింది, నా పనీ నిలిచింది.

పిన్ని ఆయన్ని కప్పు తాతను చేయబోతే ఆయనే ఒప్పుకోలేదు. "వద్దమ్మా, బకెట్టే ఉండనీ. అలవాటైపోనాది." అప్పట్నుంచి ఏటా తొలి వానకు ఆయన బకెట్ తెచ్చి ఆ మూల పెట్టేవాడు. ఇద్దరూ చెరో పీట మీద కూర్చుని పైకి చూసేవారు. చుక్క పడకపోతే పిల్లలతో కలిసి చప్పట్లు కొట్టేవారు.

మొన్న పిన్నిని సాగనంపి వస్తూ క్రెష్‌లోకి తొంగిచూశాను. తల్లులు పనులకు పోవాలి కదా, తను పోయిన రోజు కూడా క్రెష్ మూయవద్దని పిన్ని ఎప్పుడో చెప్పిందట. వాన ఇంకా కురుస్తోంది. మూలన బకెట్ ఉంది. ఒక పీట మీద బకెట్ తాత, పక్కన ఖాళీ పీట. పిల్లలు చుట్టూ మూగి కప్పుకేసి చూస్తున్నారు. ఒక చిన్నది బకెట్‌లోకి భుజం దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమి, "సూఖా హై!" అని కేక పెట్టింది. పొడిగానే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తాత కళ్లు తుడుచుకుని, అందరికంటే గట్టిగా కొట్టాడు.