ఎల్లమ్మ మేకకు తాడు లేదు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. పదో తరగతిలో ప్రతిక్షేపణ పద్ధతి కొత్తగా పట్టుబడిన ఎవరికైనా కొన్నాళ్లు అలాగే ఉంటుందనుకుంటాను. ఒక సమీకరణంలోంచి x ఎంతో y లో చెప్పి, దాన్ని తీసుకెళ్లి రెండో సమీకరణంలో పెడితే చాలు, తెలియనివి రెండూ దొరికిపోతాయి. అప్పుడు వర్ధన్నపేట దగ్గర, గొర్రెలూ మేకలూ పెంచే మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. (చదువుకంటే మేకపాలే ఎక్కువ వంటబట్టాయని అమ్మ ఇప్పటికీ అంటుంది.) ఆ ఏడు పక్క ఊళ్లో బొబ్బల రోగం వచ్చి మందలకు మందలే పోయాయి. పశువుల డాక్టరు మా ఇంటికొచ్చి, గొర్రెలకు ఒక మందు, మేకలకు ఇంకో మందు, ఏవి ఎన్నో చెబితే రేపు సరిగ్గా అన్నే తెస్తానన్నాడు. మందుకు కరువట, ఒక్కటి కూడా ఎక్కువ ఇవ్వరట.

మామ అంకె చెప్పలేదు. జీవాలను లెక్కపెడితే మంద నిలవదని ఆయన నమ్మకం. ఒక్కోదాన్ని పేరుపెట్టి పిలుస్తాడు గానీ, ఎన్ని అని ఎవరైనా అడిగితే ఆ పూట అన్నం సహించదు. "ఉన్నయి తియ్యి సార్, ఎల్లమ్మ దయ" అని ఊరుకున్నాడు.

"నేన్జెప్త మామా, లెక్కవెట్టకుండనే!" అన్నాను. దొడ్లోకి వెళ్లి చూస్తే తెలిసేదే. కానీ ఆయన భయం నాకూ అంటుకుంది, పైగా ప్రతిక్షేపణ చేతిలో ఉండగా కళ్లతో చూడటం నామోషీ. నేరుగా వంటింట్లోకి వెళ్లాను.

"అత్తమ్మా, కట్టేసే తాళ్లు ఎన్నున్నయి?"

"ఇరువై. ఒక్కోదానికి ఒక్కటి."

"ఉలువలు ఎట్ల పెడ్తవ్?"

"గొర్రెకు దోసెడు, మేకకు రెండు. మొత్తం ఇరువై ఎనిమిది దోసిళ్లు. జర జల్ది రా, బువ్వ సల్లారిపోతాంది."

బొగ్గు తీసుకుని, గొర్రెలు x, మేకలు y అనుకుని గోడ మీద x + y = 20, x + 2y = 28 అని రాశాను. మొదటిదాంట్లోంచి x తెచ్చి రెండోదాంట్లో పెట్టాను. మేకలు ఎనిమిది, గొర్రెలు పన్నెండు. సార్ చెప్పినట్టు రెండింట్లోనూ పెట్టి సరిచూశాను, సరిపోయింది. మామ ఆ గోడను దేవుడి పటాన్ని చూసినట్టు చూసి డాక్టరుకు ఫోన్ చేశాడు: "మా కోడలు జీవాల దిక్కు సూడకుండనే జెప్పింది సార్!"

మర్నాడు మేకలన్నీ అయ్యాక ఒక సూది మిగిలింది. గొర్రెల దగ్గరికొస్తే రెండింటికి మందు లేదు. అందరం బిత్తరపోయి చూస్తుంటే, అప్పుడే సూది వేయించుకున్న ఒక మేక, నుదుట పసుపుతో మా మధ్యలోంచి తాపీగా నడిచిపోయింది. ఎల్లమ్మకు మొక్కి విడిచిన మేక. అమ్మవారి సొత్తును మా ఇంట్లో కట్టెయ్యరు, కనుక దానికి తాడు లేదు. తన రెండు దోసిళ్ల ఉలవలు మాత్రం అన్నిటికంటే ముందు తింటుంది. తాళ్లలో లేని మేక ఉలవల్లో చేరి, నా లెక్కలో ఒక మేకను పెంచి రెండు గొర్రెలను మింగేసింది.

"మిగిలిన మేకల మందు గొర్రెకు వెయ్యరాదా సార్?" అన్నాను.

"దాని బదులు ఇది వెయ్యరాదమ్మా" అన్నాడు డాక్టరు.

మామ రెండు ముసలి గొర్రెల మెడలు నిమిరి పక్కకు తీశాడు. అందులో నల్లది సగం మందకు తల్లి. మళ్లీ మందు వచ్చేలోపు రెండూ పోయాయి. వాటిని పాతిపెట్టి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మామ ముందు నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది.

"నువ్వొక్కదానివే మరిసినవా బిడ్డా? అందరం మరిసినం. అది మనదనుకుంటే గద, యాదికి ఉండేది" అన్నాడు. అత్తమ్మ సున్నం వేస్తూ ఆ గోడ దగ్గరికొస్తే, "అది ఉండనియ్యి, కోడలు రాసింది" అని ఆపాడు. ఆ మాటకు నేను దొడ్లోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు సుబేదారిలో ఒక బళ్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. "రెండిట్లోనూ సరిపోయింది మేడమ్!" అని ఎవరైనా ఎగిరి గంతేస్తే, "తాడు లేనిది ఏదన్నా ఉందేమో చూసినవా?" అంటాను. మేడమ్‌కు మళ్లీ ఏదో అయిందని వాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను, చేతులనిండా బొగ్గుతో ఆ గోడ ముందు మెడ నిక్కించి నిలబడ్డ పిల్లను తలుచుకుని.