కుడి భుజం మీది కొంగు

మావాళ్లలో ఆడవాళ్లం కుడి పైట వేస్తాం. చీర కొంగు కుడి భుజం మీదుగా వెనక్కి వెళ్తుంది. లోకంలో చాలామందికి అది ఎడమ భుజం మీద ఉంటుంది. అందుకే మమ్మల్ని వెనక నుంచి చూసినా పోల్చేస్తారు. బరంపురం బజారులో నేను ఒడియాలో బేరమాడుతుంటే, బట్టల కొట్టువాడు నా భుజం చూసి తెలుగులో జవాబు చెబుతాడు.

ఎందుకు కుడి పక్కే అని చిన్నప్పుడు మా అమ్మని అడిగాను. టెక్కలి దగ్గర పల్లె మాది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. "మనం ఇలాగే ఏస్తాం. ఆ పిడకలందుకో" అంది. అంతే. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ ఈ అలవాటు ఆగలేదు.

పెళ్లయ్యాక బరంపురం వచ్చాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం. క్వార్టర్లలో చుట్టూ ఒడియావాళ్లు. వాళ్ల భాష నేర్చుకున్నాను. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే పఖాళ అని తినడం నేర్చుకున్నాను. పెద్దవాళ్లు ఎదురైతే వాళ్లలాగే తలమీద కొంగు లాక్కోవడమూ నేర్చుకున్నాను. నా మాట వంగింది, నా వంట వంగింది. భుజం మాత్రం వంగలేదు. ఒకసారి పక్కింటావిడ చాలా మొహమాటపడుతూ అడిగింది, "మీ ఎడం భుజం మీద కురుపేమైనా ఉందా?" అని. లేదని జాకెట్టు జరిపి చూపించాను. ఆ తరవాత ఆవిడ మళ్లీ అడగలేదు.

నా కోడలు మా ఇంటికి వచ్చేసరికే ఎడమ పైట. బళ్లో టీచరమ్మ. ఆ వయసు వాళ్లంతా మారిపోయారు. ఎవరి భుజం వాళ్లది.

ఇప్పుడు బరంపురంలోనే, హల్దియాపదర్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. నా చీరలు నేనే ఉతుక్కుంటాను, గంజి నేనే పెట్టుకుంటాను. చీర చిరిగితే దిండు గలీబు అవుతుంది, గలీబు చిరిగితే మసిగుడ్డ అవుతుంది. కొత్త చీర కొంటామంటే ఇంట్లో వాళ్ల మీద విసుక్కుంటాను. కానీ ఎవరు ఏం కట్టుకున్నారో చూడ్డం నాకు ఇష్టం. చూడ్డానికి ఖర్చులేదు కదా. భువనేశ్వర్‌లో మా మనవరాలి ఆఫీసు దగ్గర నిలబడితే ఆడపిల్లలంతా ఒకే రకం పంట్లాము, ఒకే రకం సంచీ, రైలు తప్పిపోతున్నట్టు ఒకే రకం నడక. విశాఖపట్నం సముద్రం ఒడ్డున సాయంత్రం పూట అందరూ ఎవరో ఫోటో తీస్తున్నట్టు నడుస్తారు. మా బరంపురం వాళ్లు పట్టుచీరలు పెట్టెలో దాచి, పేరంటానికి కట్టినప్పుడు ఎక్కడ కూర్చుంటే నలుగుతాయోనని నిలబడే ఉంటారు.

నా కంటికి అందరికంటే బాగా కట్టుకునేది సముద్రం ఒడ్డున ఆర్యపల్లి నుంచి ఎండుచేపలు తెచ్చే మనిషి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, కొంగు నడుముకి బిగించి, ముక్కుకి రెండు పక్కలా పుడకలతో, తలమీద తట్టతో మా వీధిలోకి వస్తుంది. వెలిసిపోయిన చీరే. అయినా ఆవిడ వస్తుంటే మోటారు సైకిళ్లు పక్కకి తప్పుకుంటాయి. ఒంటి మీద ఏముందో ఆ మనిషికి గుర్తే ఉండదు. సోకంటే అదేనని నేననుకుంటాను.

ఇలా అనుకునే నేను, మొన్న మా మనవరాలి నిశ్చితార్థం కుదిరినప్పుడు చిక్కులో పడ్డాను.

సంబంధం మావాళ్లలోనే. అయితే వాళ్లు హైదరాబాదులో స్థిరపడి రెండు తరాలైంది. వేడుక అక్కడే, ఫంక్షన్ హాల్లో. ప్రయాణం ఇంకా మూడు వారాలుందనగా కోడలు నా దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతూ మెల్లగా మొదలుపెట్టింది.

"అత్తా, ఆ ఒక్కరోజూ పైట ఎడం పక్కకి ఏసుకోండి."

"నా పైట మీకేటి సేసింది?"

"ఏటీ సెయ్యలేదు. ఆళ్లు సిటీవోళ్లు. పెళ్లికొడుకు తల్లి కాలేజీలో పాఠాలు సెప్తాది. మనల్ని సూసి ఒడిశా అడివిలోంచి దిగినారనుకుంటారు."

"అడివిలోంచి దిగినోళ్ల పిల్లని ఎందుకడిగినారు మరి?"

"మీతో మాటాడలేం అత్తా" అని వంకాయలు తీసుకుని లేచిపోయింది.

కోడలు అడిగితే నేను ఊఁ అనేదాన్ని కాదు. శనివారం మనవరాలు భువనేశ్వర్ నుంచి వచ్చింది. నా తలకి నూనె రాస్తూ, నా మొహం కనబడకుండా వెనక కూర్చుని చెప్పింది.

"మామ్మా, కోప్పడకు. నా ఫ్రెండ్ పెళ్లికి నువ్వొచ్చావు చూడు, అప్పుడు మన వెనక వరసలో ఇద్దరమ్మాయిలు నీ పైట ఫోన్‌లో వీడియో తీసుకుని నవ్వుకున్నారు. నువ్వు చూళ్లేదు. నేను చూశాను."

"నవ్వితే నవ్వనీ. ఆళ్ల పళ్లు అరిగిపోతాయా?"

"నువ్వలా అనగలవు. నేను అనలేను. నేను ఆ ఇంట్లో బతకాలి మామ్మా. మొదటిరోజే నిన్ను చూసి ఎవరైనా నవ్వితే, ఆ స్టేజీ మీద నేను నవ్వుతూ కూర్చోలేను. ఏడుస్తాను."

ఈ పిల్ల నా కోసం భయపడుతోందో, నన్ను చూసి సిగ్గుపడుతోందో నేను తవ్వి చూడలేదు. తవ్వితే రెండూ బయటపడతాయి. ఆ పిల్ల మంచి రోజు నా భుజం వల్ల చెడకూడదు. "సరే, ఏసుకుంటాను" అన్నాను.

అనడం సులువే. ఎడమ పైటంటే కొంగు ఇటు తీసి అటు వెయ్యడం కాదు. చీర చుట్టడం దగ్గర్నుంచీ తిరగెయ్యాలి. కుచ్చిళ్లు రెండో పక్కకి తిరగాలి. అద్దం ముందు నిలబడితే నా చేతులు పరాయి ఇంట్లో గిన్నెలు వెతుక్కుంటున్నట్టుండేవి. వంటింట్లో కొంగు పప్పులో మునిగింది. బీరువా తాళాలు కొంగుకి ముడివేసి, ఆ కొంగు ఎడం పక్కనుందని మర్చిపోయి తాళాల కోసం ఇల్లంతా వెతికాను. నా కొడుక్కి అన్నం తింటూ నన్ను చూసి పొలమారింది.

చేపల మనిషి గుమ్మంలో తట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, పైట పక్క మారిపోనాది! ఊరు మారిపోతన్నావా, కులం మారిపోతన్నావా?"

"మనవరాలి నిచ్చితార్థం. హైదరాబాదు."

"అయితే నిచ్చితార్థం దానికా, నీకా?" అని గట్టిగా నవ్వి, "నాకైతే ఎవులు సెప్పినా ఈ చీర కిందకి దిగదు. దిగితే బుడదలో పడతాను" అంది.

నేను ఎండు కవళ్ల చేపలు తీసుకుని తలుపేశాను.

రెండు వారాలూ సాధన చేశాను. అందరం బరంపురంలో రైలెక్కి హైదరాబాదు చేరాం. ఆటోలోంచి చూస్తే ఆ ఊళ్లో ఒక రకం అంటూ లేదు. బురఖా పక్కన జీన్సు, జీన్సు పక్కన లంగావోణీ, దాని పక్కన కోటు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఇంత పెద్ద ఊళ్లో నా భుజం ఎవరు చూస్తారని మనసులో అనుకున్నాను గానీ మాటిచ్చాను కదా.

హాలుకి వెళ్లే ముందు కోడలు నాకు బరంపురం పట్టుచీర కట్టబెట్టి, ఎడం భుజం మీద పిన్నులు గుచ్చింది. "కదలకండత్తా, బాగున్నారు" అంది. మనవరాలు నన్ను చూసి కళ్లతోనే దణ్ణం పెట్టింది. ఆ చూపు చూశాక ఇక విసుక్కోలేకపోయాను.

హాల్లో నన్నొక మెత్తని సోఫాలో కూర్చోబెట్టారు. పక్కన పెళ్లికొడుకు నాయనమ్మ. టస్సరు చీర, నున్నగా దువ్విన జడ, ఎడమ పైట, దానికీ పిన్నులే. నాకంటే రెండేళ్లు పెద్దదై ఉంటుంది. ఇద్దరం పుస్తకంలో అక్షరాలు చదువుతున్నట్టు మాట్లాడుకున్నాం.

"ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?"

"జరిగిందండీ. మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?"

ఎదురుగా అందరూ ఫోన్లు ఎత్తి ఎవరి మొహం వాళ్లు తీసుకుంటున్నారు. నన్నెవరూ చూడలేదు. నాకది ఒకందుకు హాయిగానూ ఉంది, ఒకందుకు కష్టంగానూ ఉంది. ఎవరూ చూడని దానికోసమా ఇంత తిప్పలు అని.

అంతలో వాళ్ల వైపు పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని వచ్చారు. పెద్దవాళ్లు ఎదురైతే కొంగు సర్దుకుని లేవడం నాకు చిన్నప్పటి అలవాటు. లేస్తూ చెయ్యి కుడి భుజం మీదకి పోనిచ్చాను. అక్కడ కొంగు లేదు. ఒట్టి జాకెట్టు. సిగ్గేసి పక్కకి చూశాను. ఆవిడ కూడా లేచింది. ఆవిడ చెయ్యి కూడా తన కుడి భుజం మీదే ఉంది. అక్కడా కొంగు లేదు.

పెద్దాయన దాటిపోయారు. ఇద్దరం కూర్చున్నాం. నేనే ముందు నోరు తెరిచాను.

"వదినా, మీదేవూరు?"

"బొబ్బిలి కాడ" అంది. ఒక్క మాటతో పుస్తకం భాష పోయింది. "నీకీ ఎడం పైట ఎప్పట్నించీ?"

"రెండు వారాలు ఇంట్లో నేర్చుకున్నాను. నీకు?"

"ఓలమ్మా, నువ్వు నయం! నాకీ పొద్దునే. కోడలొచ్చి పిన్నులెట్టి గోనె కుట్టీసినట్టు కుట్టీసినాది. ఊపిరాడట్లేదు."

"ఎందుకంట?"

"పిల్లవోళ్లు ఒడిశావోళ్లు, మన కట్టు ఆళ్లకి తెల్దు, ఇచిత్రంగా సూస్తారు అన్నాది. మరి నీకు?"

"మీరు సిటీవోళ్లు, నవ్వుతారని."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వడం నాకు చేతకాలేదు. ఇటు వాళ్లు అటు వాళ్ల నుంచి, అటు వాళ్లు ఇటు వాళ్ల నుంచి ఒకే దాన్ని దాచారు. మావాళ్లలోనే సంబంధం చూసుకుని, ముసలాళ్ల భుజాల సంగతి ఒకరినొకరు అడగడం అందరూ మర్చిపోయారు.

"పద వదినా, గదిలోకెల్లి మార్సుకుందాం" అందావిడ.

"ఆగు. మనవరాలికి మాటిచ్చినాను."

స్టేజీ ఎక్కాను. పెళ్లికూతురికి ఎవరో బొట్టు పెడుతున్నారు. నేను వంగి చెవిలో చెప్పాను. "ఆ నాయనమ్మదీ కుడి పైటేనంట. ఆవిడికీ నాలాగే పిన్నులెట్టినారు. ఇద్దరం మార్సుకుంటామంటన్నాం. నువ్వొద్దంటే ఇలాగే ఉంటాను. నిజం సెప్పు."

ఆ పిల్ల తల తిప్పి సోఫా వైపు చూసింది. ఆవిడ అక్కడినుంచి కుడి భుజం మీద చేత్తో తట్టి చూపించింది. మనవరాలి మొహం ముందు ఎర్రబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పెదవి కొరుక్కుంది, నా చెయ్యి నొక్కింది. "ఎల్లు మామ్మా. బేగెల్లు" అంది. ఆఫీసులో చేరాక ఆ పిల్ల నోట మా ఊరి మాట వినడం అదే మొదలు.

గదిలో గడియ పెట్టుకుని ఒకరి పిన్నులు ఒకరం పీకాం. కుచ్చిళ్లు ఆవిడవి నేను పట్టాను, నావి ఆవిడ పట్టింది. బొబ్బిలివాళ్లు కుచ్చిళ్లు కొంచెం వెడల్పు పెడతారు. "ఇంత ఎడల్పా?" అన్నాను. "నీవి మరీ సన్నం, పిసినారి కుచ్చిళ్లు" అంది. నాకు ఆవిడ నచ్చింది.

బయటికి వచ్చేసరికి నా కోడలూ, ఆవిడ కాలేజీ కోడలూ తాంబూలం పళ్లేలు పట్టుకుని ఎదురుగా ఉన్నారు. ఇద్దరి మొహాల్లో రంగు పోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒకేసారి మొదలుపెట్టారు.

"ఏమనుకోకండి, మా అత్తగారు కొంచెం..."

"అయ్యో, మా అత్తగారు కూడా కొంచెం..."

మధ్యలో ఆగిపోయారు. ఆ కాలేజీ కోడలు ముందు పళ్లెం కింద పెట్టి, నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా కోడలు నా వైపు చూసి, "నాకు ముందే సెప్పొచ్చు కదత్తా" అంది. చెప్పడానికి ముందే ఎవరికి తెలుసు గనక?

ఆఖర్న ఇంటిల్లిపాదికీ ఫోటో. ఫోటోలు తీసే అబ్బాయి కెమెరా లోంచి చూసి ఆగాడు.

"అమ్మమ్మగారూ, ఇద్దరి పైటలూ తప్పు పక్కకి పడ్డాయి. సరిచేసుకోండి."

హాల్లో వాళ్లు మా వైపు చూశారు. ఇప్పుడు మాత్రం అందరూ చూశారు. వెనక ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు కూడా. నా కళ్లు మనవరాలి మీదే ఉన్నాయి.

ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. మాట గట్టిగానే వచ్చింది. "తప్పు కాదండీ. మావాళ్లు అలాగే వేస్తారు. అలాగే తియ్యండి."

"అయితే ఈ పక్కనుంటే పట్టుచీర అంచు కనబడదు మేడమ్. అటు పక్క ఉన్న అమ్మమ్మగారు ఇటు, ఇటు పక్క ఉన్నవారు అటు రావాలి."

"వస్తారు" అంది.

మేమిద్దరం పక్కలు మార్చుకున్నాం. పెళ్లికూతురి పక్కన ఆవిడ, పెళ్లికొడుకు పక్కన నేను. అలా నిలబడితే ఎవరి తరపు ఎవరో చూసేవాళ్లకి తెలియదు. అబ్బాయి నవ్వమన్నాడు. అందరూ నవ్వారు, మనవరాలు అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను నవ్వలేదు. ఫోటోల్లో నవ్వడం నాకు అలవాటు లేదు.