ఇల్లు యాడ అని అడిగితే

కామాటిపురలో మా గల్లీ దవాఖానలో టీబీ మందులిచ్చే సాయంత్రం కౌంటరును మూసేస్తామన్న రోజు నాకు అన్నం సహించలేదు. అక్కడి ఆరోగ్య కార్యకర్తగా ఆ కౌంటరు కోసం రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది నేనే మరి.

"సాయంత్రం వచ్చేవాళ్ళలో మన వార్డువాళ్ళే లేరు. అంతా బయటి ఊళ్ళవాళ్ళు. కావాలంటే రిజిస్టరు చూసుకోండి" అన్నారు వార్డు ఆఫీసు పెద్దసారు.

చూశాను. పేజీ తిప్పితే చాలు, మహబూబ్‌నగర్ ఊళ్ళే. రాసింది ఎవరు? నేనే! "ఇల్లు యాడ?" అని అడిగాను, వాళ్ళు చెప్పారు, రాసుకున్నాను. పదేళ్ళుగా ఇక్కడే ఇటుకలు మోస్తున్నా, మనవాళ్ళకు ఇల్లంటే ఊరే. ఈ ఒంటిగదుల చాల్‌లోనే పుట్టిన మా నాన్న కూడా పోయేదాకా అదే మాట చెప్పాడు. ఆ సంగతి తెలిసి కూడా రాశానంటే నన్ను చెప్పుతో కొట్టాలి.

మా కింది గదిలో ఉండే అక్కకు మందు మొదలై నాలుగు నెలలు, మొత్తం ఆరు నెలలు వాడాలి. సైటు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది.

"పొద్దుగాల మందుకొస్తే మేస్త్రీ పనిలకెల్లి తీసేస్తడు చెల్లె. కౌంటర్ బందైతే నా మందు బందే" అంది.

మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు ఆ మందులకు లొంగదు. అక్క ఊపిరి నా పిచ్చి రాతకు బలికావడమా? ఛీ, జరగనివ్వననుకున్నాను.

వారం రోజులు గల్లీ గల్లీ తిరిగి, ప్రతి పేషెంటునూ ఒకటే అడిగాను: "రాత్రి యాడ పండుకుంటవ్?"

"గిదేం ప్రశ్న పిల్లా, సంబంధం జూస్తున్నవా?" అని ఫోరస్ రోడ్డు తాత నవ్వాడు. నవ్వితే నవ్వనీ, చిరునామా చెప్పాడు కదా.

కొత్త రిజిస్టరుతో పెద్దసారు గదికి వెళ్ళాను. పోయినసారి కౌంటరు అడగడానికి వచ్చి గ్రాఫులు చూపిస్తే ఆయన గడియారం చూసుకున్నారు. అందుకే ఈసారి ముందుగా మరాఠీలో అడిగాను.

"సార్, మీ ఇల్లెక్కడ?"

"సాతారా" అని సొంతూరి పేరు చెప్పారు ఠక్కున.

"రాత్రి పడుకునేది?"

"ఇక్కడే, దాదర్‌లో. ముప్పై ఏళ్ళుగా..." అని ఆగిపోయారు.

పాతదీ కొత్తదీ రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టాను. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదివారు. చాలాసేపే చదివారు.

"మూడు నెలలు నడపండి, చూద్దాం" అన్నారు చివరికి.

అక్కకు కావలసింది రెండు నెలలే. మిగతావాళ్ళ కోసం మళ్ళీ వస్తాను, ఎన్నిసార్లయినా వస్తాను.

ఆ సాయంత్రం అక్క సిమెంటు చేతులతోనే కౌంటరు దగ్గరికొచ్చింది. కొత్తగా చేరిన కాంపౌండరు పెన్ను తీసి "ఇల్లెక్కడమ్మా?" అన్నాడు. మళ్ళీ అదే పాత ప్రశ్న!

అక్క నా వైపు చూసింది.

"కామాటిపుర" అంది. "మంచిగ రాస్కో సారూ, మళ్ల బంద్ చేస్తరు."