రెండోసారి కుట్టించిన చెవులు

"పిల్లకు చెవుల సంగతి జెప్పు."

"చెప్త తియ్యి. ముందు గీ జావ దాగు, సల్లగయితది."

సూర్యాపేట దవాఖానలో నేనూ నా పెనిమిటీ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన జావ తాగలేదు. తెల్లారేసరికి లేడు. నేను చెప్తానన్న మాట మాత్రం మిగిలింది. రాయి కోడలా, నా తమ్ముడి బిడ్డవు నువ్వు, ఉన్నది ఉన్నట్టే రాయి.

మేమప్పుడు నేరేడుచర్లలో ఉండేవాళ్లం. ఆయన రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు, నేను అక్కడే వడ్లు ఆరబోసేదాన్ని. పన్నెండేళ్లు పిల్లల్లేరు. మిర్యాలగూడలో దిక్కులేని పిల్లలను సాకే ఇంటి నుంచి, కాగితాలన్నీ అయ్యాక, పది నెలల ఆడబిడ్డను తెచ్చుకున్నాం. బస్సులో దారి పొడుగునా ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని నమిలింది. "ఊడితే ఊడనియ్యి" అంటూ దిగేదాకా ఆయన మెదలలేదు.

ఇంటికొచ్చి నీళ్లు పోస్తుంటే చూశాను. రెండు చెవులకూ దారం ముడులున్నాయి. ఎప్పుడో పసుపు పూసిన దారాలు, మాసి నల్లబడ్డాయి. అంటే ఎవరో కూర్చోబెట్టి కుట్టించారు. మనలో చెవులు కుట్టేటప్పుడు బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు కదా. ఈ బిడ్డకు ఎక్కడో ఒక మేనమామ ఉన్నాడనిపించి నా కడుపు మండింది. దారాలు పీకి పొయ్యిలో వేశాను. కొన్ని నెలలకు బొక్కలు పూడుకుపోయాయి. పుట్టువెంట్రుకలు తీసిన రోజున కంసాలిని పిలిపించి, మేనమామగా మీ నాన్న ఒళ్లో కూర్చోబెట్టి మళ్లీ కుట్టించాను.

"పడ్డ బొక్కలు పూడనిచ్చి మళ్ల గీ ఏడిపిచ్చుడెందుకే?" అన్నాడు ఆయన.

"ఎవరి ఒళ్లెనో కుట్టిన చెవులు నా బిడ్డకొద్దు" అన్నాను.

తెచ్చుకున్న బిడ్డవని ఆమెకు చిన్నప్పుడే చెప్పాం. దాచింది చెవుల ముచ్చటొక్కటే. ఆ రోజులు ఎంత బాగుండేవో! ఆయన మిల్లు నుంచి రాగానే ఎదురెళ్లి చంకెక్కి, కనుబొమ్మల మీది తవుడును ఉఫ్ అని ఊదేది. ఊదినప్పుడల్లా మీ నాన్న పెట్టిన కమ్మలు ఊగేవి. తవుడు వాసన తగిలితే ఇప్పటికీ నాకు వాళ్లిద్దరూ గుర్తొస్తారు.

పదో తరగతి పరీక్ష ఫారంలో ఒంటి మీది మచ్చలు రాయాలని సారు ఆమె చెవి తమ్మె మీద మచ్చ చూశాడట. ఇంటికొచ్చి అడిగింది. చిన్నప్పుడు పొక్కు లేచిందన్నాను. అప్పటికే జబ్బుపడి మంచంలో ఉన్న ఆయన నా దిక్కు చూసి గోడవైపు తిరిగాడు. దవాఖానలో ఆ మాట అందుకే అన్నాడు.

ఆయన పోయాక పిల్ల ఆయన బట్టలన్నీ తానే ఉతికి ఆరేసింది. అవి మడతపెడుతూ అంది: "కన్నామె పారేసింది. నాయిన పాయె. ఇగ నువ్వెప్పుడు పోతవ్?"

అప్పుడు చెప్పాను. చెవి తడుముకుంటూ వింది.

"పారేసేటోళ్లు చెవులు కుట్టిస్తరా అమ్మా?" అంది. మళ్లీ, "మరి నువ్వెందుకు పీకినవ్?"

 రెండు రోజులు నా కంచంలో అన్నం పెట్టి, తను వాకిట్లో కూర్చుని తింది. మూడోనాడు, "మిర్యాలగూడ పోదాం పా" అంది.

ఆ పిల్లల ఇంటి మేడం కాగితం ముందుపెట్టింది. "బిడ్డ ఇంకా చిన్నది, నువ్వు సంతకం పెడితేనే ఎంక్వైరీ చేస్తం. కన్నామె ఒప్పుకుంటేనే పేరు చెప్తం."

నాకు వచ్చింది నా పేరులోని మూడు అక్షరాలే; పెన్ను తీసి మళ్లీ కింద పెట్టాను. ఆమె దొరికితే నా బిడ్డ నాకుంటుందా? అయినా రాశాను.

పిల్ల అంది: "పేరు చెప్పకున్నా మంచిదే మేడం. నా చెవులు కుట్టినప్పుడు నేనెవరి ఒళ్లె ఉన్ననో గదొక్కటి అడుగుండ్రి."

జవాబు రావడానికి చాలా నెలలు పట్టింది. అప్పటికి పిల్ల కోదాడలో ఇంటర్ చదువుతోంది. నేను తనను చూడడానికి పోయిన రోజే మేడం ఫోన్ చేసింది. కన్నామె కలవడానికి ఒప్పుకోలేదు. చెవుల సంగతి అడిగితే మాత్రం చాలాసేపు ఏడ్చి, ఒక్క మాట చెప్పిందట: "మా అన్న రాలేదు. నా ఒళ్లెనే పెట్టుకున్న."

ఏ మేనమామను తలుచుకుని కుళ్లుకున్నానో, ఆ మేనమామ అక్కడికి రానే లేదు. ఆ బిడ్డకూ ఆ తల్లికీ అక్కడ ఒకరికొకరే ఉన్నారు.

పిల్ల ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకుపోయింది, పాత మచ్చల మీద మళ్లీ కుట్టించుకుంటానని.

దుకాణంలో ఒకావిడ కుర్చీ వేసింది. "పాప ఏదండీ?"

"గీమెనే" అన్నాను.

"ఓయమ్మో, ఇంత పొడుగు పాపా! మీ ఒళ్లో పడుతుందా?"

"పడ్తది. ఒకామె ఒళ్లె అయింది, ఇగ ఈమె ఒళ్లె గావాలె" అని పిల్ల నా మోకాళ్ల మీద కూర్చుంది. నా నడుము విరిగినంత పనైంది. "కదలకు అమ్మా, చెవి వంకరపోతది" అని నన్నే గదిమింది. కుట్టేటప్పుడు నా కొంగు కొస పట్టుకుని నోట్లో పెట్టుకుంది, ఆనాడు గుండీ నమిలినట్టే.

ఇది మేడం చేత ఆ కన్నామెకు అందించాలి కోడలా. ఇక మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. దారాలు పీకిన దగ్గర మెల్లగా చదువు. అక్కడ నా తప్పును ఏమైనా తక్కువ చేసి చెప్పానేమో వినాలి.