లింగస్వామి తిప్పి పెట్టిన గొట్టం

లింగస్వామికి భయాలు ఎక్కువ. పిల్లి ఎదురొస్తే ఆగి, కాసిని నీళ్లు తాగి గానీ కదలడు. అలాంటివాడు దిల్‌సుఖ్‌నగర్‌లో మట్టి పొరల మీద పరిశోధన చేసేచోట రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. మూసీ ఒడ్డున మీటరు పొడవు గొట్టాలు దిగగొట్టి, పొరలు చెదరకుండా మట్టిని పైకి తీయడం అతని పని. పరిశోధకురాలు సాధన ఆ గొట్టాలను నిలువునా చీల్చి, ఏ వరద ఎప్పుడొచ్చిందో చూస్తుంది. ఈమధ్య ఆ శాస్త్రంలో అందరూ మట్టిలో ప్లాస్టిక్ ముక్కలు వెతుకుతున్నారట. ముక్క దొరికిందంటే ఆ పొర తాతలనాటిది కాదన్నమాట.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. జలాశయం గేట్లు ఎత్తుతున్నారని ఫోన్లలో మెసేజీలు. బల్ల మీద మూసారాంబాగ్ గొట్టం ఉంది. లింగస్వామి కిరాయికుంటున్న గది వెనకాలే తీసిన మట్టి అది.

చీల్చి చూసి సాధన మొహం చిట్లించింది.

"ఏందన్నా ఇది? అడుగున మొరం, దాని మీద జానెడు వరద ఇసుక, అండ్ల షాంపూ ప్యాకెట్ ముక్క. పైన చూస్తే అంతా పాత నల్లమట్టే. ఏదో కలిసిపోయినట్టుంది. పడేద్దాం."

లింగస్వామికి సంగతి అర్థమైంది. గొట్టం పైకొన ఎప్పుడూ ఉత్తరపు గోడవైపే ఉండాలని సాధన నియమం. మిగతావన్నీ అలాగే పెట్టాడు. ఇది మాత్రం తను భార్యాబిడ్డలతో పడుకునే చోటిని ఆనుకున్న మట్టి. దాని తల ఉత్తరానికి పెట్టడానికి చేతులు రాలేదు. దక్షిణానికి తిప్పాడు. బాణం గుర్తు ఎలాగూ వానకు చెరిగిపోయింది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

చెబితే ఉద్యోగం పోతుందేమో. కానీ ఆ ఇసుక అడుగున లేదు, పైన ఉంది! బల్ల దగ్గరికి జరిగాడు.

"మేడం, గొట్టం ఉల్టా పెట్టిన. తప్పయింది."

సాధన తిట్టబోయి, మళ్లీ మట్టివైపు చూసి ఆగిపోయింది.

"నువ్వా గదిలకు ఎప్పుడొచ్చినవ్?"

"నిరుడు దసరాకు. ఇంట్లకు నీళ్లు ఎన్నడూ రాలేదన్నడు ఓనరు."

"ఒచ్చినయ్ అన్నా. నువ్వు దిగకముందు, ఈ నడుమనే ఒచ్చినయ్. ఓనరే ఆ ఇసుక మీద మొరం పోయించి కప్పేసిండు."

లింగస్వామి వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. రెండోసారికి భార్య ఉదయలక్ష్మి ఎత్తింది.

"పిల్లను తీస్కొని పై అంతస్తుకు పో. ఇప్పుడే."

"సామాన్లో?"

"ఏం ముట్టకు. పో!"

"ఎందుకయ్యా గంత పరేషాన్? నీళ్లు లోపలికి రావని ఓనరు చెప్పిండు కదా," అంది ఉదయలక్ష్మి. "ఇంకా గడప దాకనే ఒచ్చినయ్."